మేడ మీద గాలికోట వద్దు, పెరట్లో చిన్న టబ్బు చాలు

ప్రశ్న: మేము బరంపురంలో సొంత ఇంట్లో ఉంటున్నాము. బాబుకు ఏడేళ్లు, పాపకు మూడేళ్లు. వేసవి సెలవులకు మా ఆడపడుచు పిల్లలిద్దరూ ఇచ్ఛాపురం నుంచి వస్తారు. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతరలో గాలికోట (గాలి నింపితే నిలబడే, పిల్లలు ఎక్కి గెంతే బౌన్సీ కాజిల్) ఎక్కి గెంతిన నాటి నుంచి అలాంటిది ఇంట్లోనే కావాలని నలుగురూ పట్టుబడుతున్నారు. మేడ మీద ఇరవై అడుగుల పొడవున ఖాళీ జాగా ఉన్నది కనుక అక్కడ గాలికోటను, దాని పక్కన పది అడుగుల నీటి టబ్బును పెడదామని మావారు అంటున్నారు. పెరడు పద్నాలుగు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు ఉంటుంది. ఒక మూల కొబ్బరిచెట్టు ఉన్నది. పుట్టినరోజులకు ఇలాంటివి అద్దెకిచ్చే ఒకాయన తన పాత కోటను, దానిలోకి గాలి ఊదే బ్లోయరుతో సహా, చవకగా ఇస్తానంటున్నాడు. అది కొనవచ్చునా, కొత్తదే కొనాలా? కిందటి ఏడు కొన్న చిన్న టబ్బును అటక మీద నుంచి తీసి చూస్తే నల్లగా బూజు పట్టి, పొరలు అంటుకుపోయి ఉన్నది. ఊదితే గాలి నిలవడం లేదు. దాన్ని బాగుచేసుకోవచ్చునా?

సమాధానం: అమ్మా, నమస్కారం. మీరు కొలతలతో సహా రాయడం వల్ల నా పని చాలా సులువయింది. ముందుగా అసలు మాట చెబుతాను: మేడ మీద ఆ రెండింటిలో ఏదీ పెట్టవద్దు. గాలికోటను కొనవద్దు, పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. పెరట్లో అయిదడుగుల చిన్న టబ్బు ఒకటి ఉంటే మీ నలుగురు పిల్లల వేసవి హాయిగా గడిచిపోతుంది. ఎందుకిలా అంటున్నానో ఒక్కొక్కటిగా వివరిస్తాను. మీవారికి కూడా ఈ లెక్కలు చూపించండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది మేడ మీద నీటి టబ్బు మాట. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. పది అడుగుల వ్యాసం గల గుండ్రని టబ్బులో రెండడుగుల ఎత్తున నీరు నింపితే సుమారు 4,400 లీటర్లు పడుతుంది, అంటే నాలుగు టన్నులకు మించిన బరువు మీ శ్లాబు మీద ఒకేచోట కూర్చుంటుంది. మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు చదరపు మీటరుకు 150 కిలోల చొప్పున అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం చెబుతున్నది. చదరపు మీటరు మీద ఒక్క అడుగు నీరు నిలిస్తేనే 300 కిలోలు దాటుతుంది. రెండడుగులైతే 600 కిలోలు, అంటే లెక్కగట్టిన భారానికి నాలుగు రెట్లు. పిల్లలు నీళ్లలో గెంతుతూ ఉంటే పడే ఊపు ఇందులో చేరలేదు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉన్నది కదా, దానికేమీ కాలేదు కదా అని చాలామంది అంటారు. ఆ ట్యాంకును సాధారణంగా మెట్లగది గోడల మీదనో, కింద స్తంభాలు, దూలాలు ఉన్నచోటనో నిలుపుతారు, శ్లాబు నడిమధ్యలో పెట్టరు. పైగా మన సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుము తుప్పుపట్టి, పెచ్చులు ఊడటం మీరూ చూసే ఉంటారు. కొత్తగా కట్టినప్పుడు మోయగలిగిన బరువును పాతికేళ్ల తరువాత కూడా అదే శ్లాబు మోస్తుందని అనుకోవడానికి వీలులేదు.

ఇక మేడ మీద గాలికోట సంగతి. పిట్టగోడ ఎంత ఎత్తు ఉన్నదో మీరు రాయలేదు. ఎంత ఉన్నా, గాలికోట నేల తానే ఒక అడుగు పైకి ఉంటుంది. దాని మీద గెంతే పిల్లవాడు మరో అడుగున్నర లేస్తాడు. అంటే నేల మీద నిలబడితే తలదాకా వచ్చే పిట్టగోడ గెంతే సమయంలో నడుముకు కూడా రాదు. పైన గాలి విసురు కింద పెరట్లోకన్నా ఎక్కువగా ఉంటుందన్నది మరొక కారణం. శ్లాబులోకి మేకులు దిగవు కనుక కోటను కట్టడానికి పిట్టగోడ రంధ్రాలు, నీళ్ల పైపులు, డిష్ యాంటెన్నా గొట్టాలు తప్ప మరేమీ దొరకవు; వాటిలో ఏదీ ఈ పనికి తగదు.

గాలి ఎంత బలంగా లాగుతుందో అంకెలలో చెబితే బాగా అర్థమవుతుంది. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న గాలికోట గోడ మీదికి గంటకు 38 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే సుమారు 40 కిలోల బలంతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపయితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంటే 160 కిలోలు. ఇళ్లకోసం అమ్మే నైలాను గాలికోట బ్లోయరును తీసివేస్తే పదిహేను, ఇరవై కిలోల బరువు మాత్రమే ఉంటుంది. లోపల పిల్లలు ఉన్నారు కదా, వారి బరువుకు అది లేవదులే అనుకోవడం పొరపాటు. ఒక అంచు కిందికి గాలి దూరితే కోట మొత్తం గొడుగులాగా తిరగబడుతుంది. అద్దెకిచ్చే పెద్ద కోటలకు ఐరోపాలో పాటించే ఈఎన్ 14960 ప్రమాణం గంటకు 38 కిలోమీటర్లకు మించిన గాలిలో వాటిని వాడకూడదని నిర్దేశిస్తున్నది. ఇంటి కోటలు ఇంకా తేలిక కనుక వాటితో వచ్చే సూచనల పుస్తకాలలో ఈ హద్దు చాలావరకు ఇంతకన్నా తక్కువగానే రాసి ఉంటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, డెవన్‌పోర్ట్ పట్టణంలో 2021 డిసెంబరు 16న ఒక బడి ఆవరణలో సెలవుల ముందు పిల్లలు ఆడుకుంటుండగా గాలి విసురుకు కోట పైకి లేచి ఆరుగురు చిన్నారులు చనిపోయారు. అది బడి మైదానం, మేడ కాదు.

ఆ దూరదేశం సంగతి అలా ఉంచి, నేను కళ్లారా చూసినది చెబుతాను. పర్లాకిమిడిలో మా బంధువుల ఇంట్లో ఒక వైశాఖమాసపు సాయంత్రం పిల్లవాడి పుట్టినరోజుకు గాలికోటను అద్దెకు తెచ్చారు. తెచ్చిన మనిషి రెండు తాళ్లను కిటికీ ఊచలకు, ఒక తాడును నిలిపి ఉన్న మోటారుసైకిలుకు కట్టి, నాలుగోదాన్ని వదిలేశాడు. నేను కూడా అది చూశాను, చూసి ఊరుకున్నాను. అయిదున్నర వేళ పడమట మబ్బు కమ్మి, కేక్ కోయకముందే ఈదురుగాలి మొదలయింది. కట్టని మూల నడుమెత్తు లేచింది, లోపలున్న ముగ్గురు పిల్లలు ఎదుటి గోడ మీదికి కుప్పగా జారిపడ్డారు. ఒక అమ్మాయికి మణికట్టు ఎముక విరిగింది. అంతటితో పోయింది కనుక ఈ రోజు మీకు ఇలా రాయగలుగుతున్నాను. ఒడియావారు కాలబైశాఖి అని పిలిచే ఆ గాలివాన గంజాం, గజపతి జిల్లాలవారికి కొత్త కాదు; చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాకా ఆకు కదలకుండా ఉండి, సాయంత్రానికి నిమిషాలలో ముంచుకొస్తుంది. పిల్లలు బయట ఆడుకునే కాలమూ, వేళా సరిగ్గా అవే కావడం వల్లనే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేడ కాకపోతే పెరట్లో కోటను వేయవచ్చునా అని మీరు అడుగుతారు. మీ పెరటి కొలతనే తీసుకుందాము. ఇంటి వాడకానికి అమ్మే కోటలలో తొమ్మిది అడుగుల చదరం అన్నది మామూలు కొలత. దాని చుట్టూ అన్ని వైపులా ఆరడుగుల ఖాళీ ఉండాలని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు, ఎందుకంటే బయటికి దొర్లిపడిన పిల్లవాడికి గోడగాని, గట్టుగాని, చెట్టుగాని తగలకూడదు. తొమ్మిదికి అటు ఆరు, ఇటు ఆరు కలిపితే ఇరవై ఒక్క అడుగులు అవుతుంది. మీ పెరటి వెడల్పు పద్నాలుగే. ఆరడుగుల బుల్లి కోటకు కూడా పద్దెనిమిది అడుగులు కావాలి. పైన కొబ్బరిచెట్టు ఉన్నది. ఎండుమట్ట ఊడినా, కాయ రాలినా కోటలో ఉన్న పిల్లలు తప్పుకునే స్థితిలో ఉండరు. కనుక మీ పెరడు గాలికోటకు సరిపోదు. ఇందులో సర్దుబాటుకు చోటు లేదు.

పాత కోటను చవకగా ఇస్తానన్న వ్యక్తిని తప్పుపట్టడం లేదు గాని, అద్దె వ్యాపారానికి పనికివచ్చే వస్తువు ఇంటికి పనికిరాదు. మందపాటి పీవీసీ గుడ్డతో కుట్టిన ఆ కోటలు వంద కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. చుట్టడానికి, మోయడానికి, ఆరబెట్టడానికి నలుగురు మనుషులు కావాలి. ఒక హార్స్‌పవర్ బ్లోయరు వాడుకలో వెయ్యి వాట్ల దాకా లాగుతుంది కనుక దాన్ని గదిలోని అయిదారు ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, పదహారు ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు, ముప్ఫై మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకయితేనే సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అమ్మకానికి వచ్చిన పాతకోటలో కుట్టు ఎక్కడ కుళ్లిందో, తాడు కట్టే ఉంగరాల చుట్టూ గుడ్డ ఎంత నలిగిందో అలవాటు లేని కంటికి కనబడదు. గాలికోటకు కుట్ల సందులలో నుంచి కొంత గాలి పోతూ ఉండటం సహజమే, అందుకే దానికి బ్లోయరు ఎడతెగకుండా తిరుగుతూ ఉంటుంది. కాని సహజంగా పోయే గాలికీ, చిరగబోతున్న కుట్టుకూ తేడా తెలుసుకోవడానికి అనుభవం కావాలి.

పిల్లల ముచ్చట తీరాలంటే ఏడాదికి ఒక పుట్టినరోజున విశాలమైన మట్టినేల ఉన్నచోట కోటను అద్దెకు తెప్పించండి. అప్పుడు కొన్ని విషయాలు దగ్గరుండి చూసుకోవాలి. కనీసం ఆరుచోట్ల కట్టాలి. నేలలో దిగే ఇనప మేకులు పదహారు మిల్లీమీటర్ల మందం, ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్ల పొడవు కలిగి, తలలు గుండ్రంగా ఉండాలి. సిమెంటు నేల అయితే మేకులకు బదులు బరువులు పెట్టాలి. ఒక్కొక్క కట్టుకు 163 కిలోల బరువు కావాలని పైన చెప్పిన ఐరోపా ప్రమాణం లెక్క, కనుక ఒక్కొక్క తాడుకు ఒక్కొక్క ఇసుక బస్తా వేసి సరిపెడతామంటే ఒప్పుకోకండి. గాలి వేగాన్ని కొలిచే పరికరం లేకపోయినా నేల మీది ఆనవాళ్లు చాలు. దుమ్ము, కాగితాలు లేచి, చిన్న కొమ్మలు కదులుతున్నాయంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి వీస్తున్నట్టు లెక్క. ఆకులున్న చిన్న చెట్లు మొత్తంగా ఊగుతున్నాయంటే 29 నుంచి 38 కిలోమీటర్లు. దుమ్ము లేవగానే పిల్లలను దించండి, చెట్లు ఊగేదాకా ఆగవద్దు. కరెంటు పోతే కోట కుంగిపోతుంది కనుక వాకిలి దగ్గర ఒక పెద్ద మనిషి ఎప్పుడూ నిలబడి ఉండాలి. ఇన్వర్టరు మీద బ్లోయరును నడిపి ఆటను పొడిగించే ప్రయత్నం చేయకండి, ఆ వ్యవధిని పిల్లలను బయటికి తీయడానికే వాడుకోండి.

మీ నలుగురు పిల్లల వయసులలో తేడా ఉన్నది కనుక ఒక మాట. గాలికోటలలో దెబ్బలు ఎక్కువగా తగిలేది కోట లేచిపోవడం వల్ల కాదు, ఒకరి మీద ఒకరు పడటం వల్ల, కింద పడటం వల్ల. అమెరికాలో ఆసుపత్రుల అత్యవసర విభాగాల లెక్కలను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 2010లో ఆ దేశంలో రోజుకు సగటున ముప్ఫైమందికి పైగా పిల్లలు ఇలాంటి దెబ్బలతో వచ్చారు. వాటిలో ఎముకలు విరగడం, బెణకడం ఎక్కువ. ఏడేళ్ల బాబు గెంతినప్పుడు మూడేళ్ల పాప కాళ్ల కింది నేల ఒక్కసారిగా ఎగదన్నుతుంది. పాప తన గెంతుతో కాక అన్న గెంతుతో పైకి లేస్తుంది. పెద్ద పిల్లలకు పది నిమిషాలు, చిన్న పిల్లలకు పది నిమిషాలు వంతు వేయడం తప్ప దీనికి మరో మందు లేదు. పెద్ద పిల్లలు ఏడ్చినా సరే.

ఇప్పుడు మీరు కొనదగినదాన్ని గురించి రాస్తాను. అయిదడుగుల వ్యాసం, అడుగు ఎత్తు ఉన్న టబ్బును ఎంచుకోండి. అందులో అర అడుగు ఎత్తున నీరు పోస్తే సుమారు 280 లీటర్లు పడుతుంది. ఇరవై బిందెలకు అటూ ఇటూ అన్నమాట. వేసవిలో మునిసిపాలిటీ నీటికి ఎదురుచూసే వీధిలో ఉన్నా ఇది మోయగలిగిన ఖర్చే, ఆట అయ్యాక ఆ నీరు అరటి, కొబ్బరి మొక్కల పాదులకు పోతుంది. అడుగు భాగంలో కూడా గాలి పొర ఉన్న రకమైతే చిన్నపాప పడినా దెబ్బ తగలదు. గోడ ఒకే గొట్టంలా కాక రెండు మూడు విడి వలయాలుగా ఉండి, ఒక్కొక్కదానికి వేరే వాల్వు ఉన్నది తీసుకోండి. ఒకటి కారినా మిగిలినవి నిలబడతాయి, కారినది ఏదో వెంటనే తెలుస్తుంది. అట్టపెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నదా అని తప్పక చూడండి. ఆటవస్తువులకు ఆ గుర్తును 2021 జనవరి 1 నుంచి మనదేశంలో తప్పనిసరి చేశారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఉద్దేశించిన ఐఎస్ 9873 ప్రమాణంలో, ప్లాస్టిక్కును మెత్తబరచడానికి కలిపే థాలేట్ రసాయనాల మీద హద్దు కూడా ఉన్నది. పాప టబ్బు అంచును కొరుకుతుంది, నోట్లో పెట్టుకుంటుంది, కనుక ఇది కాగితం మీది నిబంధన మాత్రమే కాదు. విప్పగానే తల తిరిగేలా ఘాటు వాసన కొట్టి, రెండు రోజులు నీడలో గాలికి ఉంచినా తగ్గకపోతే దాన్ని తిరిగి ఇచ్చేయండి.

గోడ పక్కన కాకుండా, కొబ్బరి మట్టల నీడకు దూరంగా, రాళ్లు ఏరి చదును చేసిన నేల మీద పాత బరకాన్ని రెండు మడతలు పరిచి టబ్బును పెట్టండి. నేల వాలుగా ఉంటే నీరు ఒక పక్కకు ఒత్తి గోడను వంచేస్తుంది. గాలి నింపడానికి కాలితో తొక్కే పంపుగాని, చేతిపంపుగాని చాలు. మన ఊళ్లలో చాలామంది టబ్బును తీసుకుని పంచరు షాపుకు పోతారు. అక్కడి కంప్రెసరు గాలి లారీ టైర్లకు సరిపోయే ఒత్తిడితో వస్తుంది, టబ్బు అతుకులు ఒక్క క్షణంలో విడిపోతాయి. పొద్దున్నే నింపేటప్పుడు గట్టిగా నింపకండి. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో మూసిన గాలి మిట్టమధ్యాహ్నపు ఎండకు 55 డిగ్రీలకు వేడెక్కితే పదోవంతు సాగాలని చూస్తుంది; సాగే చోటు లేకపోతే అతుకు మీద తన బలమంతా చూపిస్తుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేలా వదులుగా ఉంచితే టబ్బు నాలుగు వేసవులు వస్తుంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఆటను ఆపివేయడం టబ్బుకూ మంచిదే, పిల్లలకూ మంచిదే. ఎండలో ఉన్న ప్లాస్టిక్కు లేతచర్మాన్ని కాలుస్తుంది.

నీటి విషయంలో మాత్రం నేను ఎవరినీ నొప్పించకుండా చెప్పలేను. అర అడుగు నీటిలో పసిపిల్ల మునిగిపోగలదు; కేక కూడా వేయదు, చప్పుడు కాదు. కనుక పిల్లలు టబ్బులో ఉన్నంతసేపు ఒక పెద్దవారు చేయి చాపితే అందేంత దగ్గరలో, ఫోను చేతిలో లేకుండా, కూర్చోవాలి. ‘పెద్దబాబు చూస్తున్నాడులే’ అనుకోకూడదు. ఏడేళ్లవాడు కాపలాదారు కాడు. ఎవరి వంతు అన్నది ముందే చెప్పుకోండి, ఎందుకంటే ఇంటినిండా చుట్టాలు ఉన్ననాడే ప్రతివారూ మరొకరు చూస్తున్నారనుకుంటారు. ఆట ముగిసిన వెంటనే, అన్నాలకు పిలవకముందే, టబ్బును వంచేయండి.

నీరు నిలవ ఉంచకపోవడానికి దోమలు కూడా కారణమే. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ శుభ్రమైన నిలవ నీటి అంచున గుడ్లు పెడుతుంది; వారం పదిరోజులలో అవి దోమలై లేస్తాయి. గుడ్లు టబ్బు గోడకు అతుక్కుని, నీరు పారబోసి ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి కనుక నీటిని మార్చడంతోపాటు లోపలి గోడను గుడ్డతో గట్టిగా రుద్దాలి. రోజూ కొత్త నీరు పోసే చిన్న టబ్బుకు బ్లీచింగు పొడి అవసరం లేదు. పాప డైపరుతో నీళ్లలో దిగి మలినం చేస్తే మందు చల్లి సరిపెట్టకుండా నీటినంతటినీ పారబోసి, సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టిన తరువాతనే మళ్లీ వాడండి.

మరొక విషయం మీరు అడగలేదు, కాని బరంపురంవారు కనుక చెప్పకుండా ఉండలేను. టబ్బుతోపాటు చుట్టుట్యూబులు, బాతు బొమ్మలు, గాలిపరుపులు కూడా ఇంట్లోకి వస్తాయి, ఆదివారం గోపాలపురం సముద్రానికి వెళ్లేటప్పుడు పిల్లలు వాటిని వెంట తీసుకుపోతామంటారు. ఇవ్వకండి. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి అలాంటి తేలికైన వస్తువును ఈత వచ్చినవాడు కూడా అందుకోలేనంత వేగంగా లోపలికి లాగుకుపోతుంది, దాని మీద ఉన్న పిల్లవాడికి అది ఆట అనిపిస్తూనే ఉంటుంది. అవి ప్రాణరక్షణకు తయారుచేసినవి కావు.

ఇక నిలవ ఉంచడం. మీ పాత టబ్బు చెడిపోయినది ఆటలో కాదు, అటక మీద. ఇది తీరప్రాంతపు చెమ్మ వల్ల వచ్చే చేటు. వాడిన తరువాత సబ్బునీటితో కడిగి, మంచినీటితో ఆ సబ్బును పూర్తిగా వదిలించి, గాలి నింపి ఉండగానే మెత్తటి గుడ్డతో తుడవాలి. గాలి నిండి ఉంటే మడతలు విచ్చుకుని మూలలన్నీ ఆరతాయి. ఒకసారి తిరగేసి అడుగు భాగాన్ని కూడా ఆరనివ్వాలి. మధ్యాహ్నపు ఎండలో కాక గాలి ఆడే నీడలో ఒక పూట ఉంచండి. ఎండ పీవీసీని పెళుసుబారుస్తుంది. లోపల ఊదిన గాలిలో కూడా తడి ఉంటుంది, నోటితో ఊదితే మరీ ఎక్కువ. గాలి తీసేటప్పుడు వాల్వును కింది వైపుకు ఉంచి నొక్కితే లోపలి నీటిచుక్కలు కూడా బయటికి వస్తాయి. పొరల మధ్య మొక్కజొన్న పిండిని పలుచగా చల్లి, పదునైన మడతలు పెట్టకుండా చాపలాగా వదులుగా చుట్టండి. కాస్త పిండి చాలు, ఎక్కువైతే చీమలు, బొద్దింకలు చేరతాయి. అటకకు బదులు ఇనప ట్రంకుపెట్టెలో పెట్టడం మేలు; గోనెసంచిలో కడితే ఎలుకలు ఒక్క రాత్రిలో జల్లెడ చేస్తాయి. పెట్టెలో నాఫ్తలీను గోళీలు మాత్రం వేయకండి. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను పాడుచేస్తుంది. అంతకు మించి, జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలు నాఫ్తలీనును మింగినా, ఎక్కువగా పీల్చినా రక్తకణాలు విచ్ఛిన్నమై పచ్చకామెర్లు, రక్తహీనత వస్తాయి. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియనే తెలియదు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుల దగ్గర ఆ గోళీలకు చోటు లేదు.

చివరిగా మీ పాత టబ్బు. అంటుకుపోయిన పొరలను ఎండబెట్టి లాగకండి. గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, వేళ్లతో మెల్లగా విడదీయండి. బూజు మచ్చలకు ఒక వంతు వెనిగరుకు మూడు వంతుల నీరు కలిపి గుడ్డతో రుద్దండి. బ్లీచింగు పొడి వాడవలసి వస్తే వెనిగరుతో ఎన్నడూ కలపకండి, ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు పుడుతుంది. నల్లటి చారలు ప్లాస్టిక్కు లోపలికి దిగి ఉంటే అవి పోవు; మరక మిగిలినా జిగట, వాసన పోతే వాడుకోవచ్చు. తరువాత గాలి నింపి, నురగ వచ్చే సబ్బునీటిని ముందు వాల్వు చుట్టూ, ఆ తరువాత అతుకుల వెంట, చివరికి మడతలు పడిన చోట్ల పూయండి. చాలాసార్లు దోషం వాల్వు మూతలో ఇరుక్కున్న ఇసుకరేణువే అయి ఉంటుంది. బుడగలు లేచిన చోటును పెన్నుతో గుర్తుపెట్టి, గాలి పూర్తిగా తీసి, తుడిచి ఆరబెట్టి, టబ్బుతో ఇచ్చిన పీవీసీ ముక్కను రంధ్రానికి అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు మించేలా, మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. మెత్తటి పీవీసీకి, వినైలుకు అని రాసి ఉన్న జిగురునే వాడాలి. సైకిలు పంచరుకు వాడే రబ్బరు సొల్యూషను దీనికి సరిగా పట్టదు, నీళ్ల పైపులకు వాడే సిమెంటు గట్టిపడి, టబ్బు వంగినప్పుడు పగులుతుంది. పైన బరువు పెట్టి ఒక రాత్రి, ఒక పగలు కదపకుండా ఉంచండి. చిల్లు సాదా గోడ మీద ఉంటే ఈ అతుకు నిలుస్తుంది. రెండు పొరలను వేడితో కలిపిన అతుకు గీత వెంటే కారుతుంటే మాత్రం ముక్క సరిగా కూర్చోదు, రెండు రోజులకు మళ్లీ విడిపోతుంది. అప్పుడు ఆ టబ్బును కోసి, కొత్త టబ్బు అడుగున బరకం మీద పరిచే పొరగా వాడుకోండి.